ఆపరేషన్ తర్వాత ఫెర్రెట్ తినకపోతే: ఆకలి కోసం ఎదురుచూడకండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాలుగేళ్ల మగ ఫెర్రెట్, అంటే ముంగిసలా పొడుగ్గా ఉండే చిన్న పెంపుడు జంతువు. రబ్బరు ముక్క మింగితే పేగు కోసి తీశారు. ఇవాళ్టికి ఆరో రోజు. ఆపరేషన్‌కి ముందు 1,200 గ్రాములు ఉండేవాడు, ఇప్పుడు 1,000కి దిగాడు. గిన్నె దాకా వస్తాడు, వాసన చూస్తాడు, తల తిప్పుకుని పోయి పడుకుంటాడు. మీ వేలికి రాసిన మాంసం గుజ్జు మాత్రం రెండు మూడు సార్లు నాకుతాడు. ‘ఆకలేస్తే అదే తింటుందిలే’ అని ఎవరో చెప్పారట, ఇంకెన్నాళ్లు ఆగాలి అని అడిగారు.

ఆగకండి. ఇవాళే డాక్టరుతో మాట్లాడి, ఈ పూట నుంచే తినిపించడం మొదలుపెట్టండి. నేను పశువైద్యుణ్ణి కాను. పద్నాలుగేళ్లుగా ఫెర్రెట్లని పెంచుతున్నాను, ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన వాటిని ఏడింటిని దగ్గరుండి చూసుకున్నాను. అందులో ఒకదాని విషయంలో నేను కూడా ‘ఆకలేస్తే తింటుంది’ అన్న మాట నమ్మి రెండు రోజులు ఆగాను. ఆ సంగతి కింద చెప్తాను.

లంఖణం పరమౌషధం అని మన పెద్దలు అన్నది మనుషులకి. ఫెర్రెట్ విషయంలో అది తిరగబడుతుంది. ఇది పూర్తి మాంసాహారి. పేగు చాలా పొట్టి, మన ఉండుకం లాంటి భాగం అసలు ఉండదు. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న ఫెర్రెట్ రోజంతా కొంచెం కొంచెం తింటూనే ఉంటుంది, ఎనిమిది పది సార్లయినా గిన్నె దగ్గరికి పోతుంది. ఆపరేషన్‌కి ముందు కడుపు ఖాళీగా ఉంచమన్నప్పుడు కూడా డాక్టర్లు దీనికి మూడు నాలుగు గంటలే చెప్తారు, కుక్కకి చెప్పినట్టు రాత్రంతా ఉంచమనరు. అంతకు మించి ఖాళీగా ఉంటే రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. తిండి లేనప్పుడు ఒంట్లో కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది. రోజులు గడిస్తే కాలేయమే కొవ్వు పట్టి మందగిస్తుంది, దాంతో వికారం. ఇంకోపక్క పేగు గోడ తనకి కావలసిన పోషణలో చాలా భాగం తన గుండా పోయే ఆహారం నుంచే తీసుకుంటుంది. ఏమీ పోకపోతే ఆ గోడ పలచబడుతుంది, కదలిక తగ్గుతుంది, మళ్లీ వికారమే. తినలేదు కాబట్టి ఆకలి చచ్చిపోతుంది, ఆకలి చచ్చిపోయింది కాబట్టి తినదు. ఈ సుడిలో పడ్డ జంతువు తనంతట తాను బయటికి రావడం కష్టం. లోపలికి కొంచెం తిండి పోతే పేగు కదులుతుంది, పేగు కదిలితే ఆకలి పుడుతుంది. మీరు ఎదురుచూస్తున్న ఆకలి తిండి వెనకాల వస్తుంది, ముందు రాదు.

తినిపించే ముందు డాక్టరుతో మాట్లాడమన్నది ఊరికే కాదు. మీవాడికి కోసింది పేగు. కుట్లు వేసిన చోట పేగు విడిపోయి లీకయ్యే ప్రమాదం మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య ఎక్కువ. మీరు ఆ గండం దాదాపు దాటారు, అయినా తోసిపుచ్చలేం. పొట్ట గట్టిగా ఉబ్బినా, ముట్టుకుంటే ఓర్చుకోలేకపోయినా, వాంతి చేసుకున్నా, చిగుళ్లు పాలిపోయినా, ఒళ్లు కాలిపోతున్నా, లేక మామూలు కంటే చల్లబడినా సిరంజి పక్కన పెట్టి ఆసుపత్రికి పరిగెత్తండి. అలాంటి కడుపులోకి తిండి తోయడం హాని చేస్తుంది. ఇవేవీ లేవు, వేలు నాకుతున్నాడు, లేచి తిరుగుతున్నాడు అంటే డాక్టరు తినిపించమనే అంటారు.

ఇప్పుడు, ఎందుకు తినట్లేదో చూడాలి. మీరు రాసిన వాటిలో నన్ను ఆపింది ఒక్క ముక్క: గిన్నె దాకా వస్తాడు, వాసన చూస్తాడు, తిప్పుకుంటాడు. ఆకలి అసలే లేనివాడు గిన్నె దాకా రాడు. వచ్చి వెనక్కి పోతున్నాడంటే నాకు ముందు వికారమే అనుమానం. ఫెర్రెట్‌కి కడుపులో తిప్పితే నోటి పక్కన ముందు కాళ్లతో గీరుకుంటుంది, పెదాలు చప్పరిస్తుంది, చొంగ కారుస్తుంది, పళ్లు నూరుతుంది. తిండి ఎదుట పెట్టగానే ఇవి కనిపిస్తే వికారం అనుకోవచ్చు. నొప్పి అయితే తీరు వేరుగా ఉంటుంది. బాగున్న ఫెర్రెట్ చుట్టలా ముడుచుకుని పడుకుంటుంది. నొప్పి ఉన్నది వీపు గూనిలా పెట్టి, పొట్ట కింద కాళ్లు ముడిచి, కళ్లు సగం మూసి కూర్చుంటుంది. తోక వెంట్రుకలు సీసాలు కడిగే బ్రష్షులా లేచి ఉండొచ్చు. పళ్లు నూరడం రెండింటిలోనూ ఉంటుంది, అదొక్కటే చూసి తేల్చుకోకండి. ఓ రెండు నిమిషాలు ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకి చూపించండి. ఆసుపత్రి బల్ల మీద భయంతో బిగుసుకుపోయిన జంతువు తన బాధ బయటపెట్టదు, ఇంట్లో తీసిన వీడియో ఎంతో చెప్తుంది.

ఇంకొకటి కడుపులో పుండ్లు. ఫెర్రెట్లకి ఇవి చాలా తేలిగ్గా వస్తాయి. హెలికోబాక్టర్ ముస్టెలే అనే సూక్ష్మజీవి చాలా ఫెర్రెట్ల కడుపులో ఎప్పుడూ ఉంటుంది, ఒత్తిడి వచ్చినప్పుడు విజృంభిస్తుంది. ఆపరేషన్, ఆసుపత్రి, కొత్త వాసనలు, ఖాళీ కడుపు, పైగా మెలోక్సికామ్ లాంటి నొప్పి మందులు కలిస్తే పుండు పడటానికి అన్నీ సమకూరినట్టే. గుర్తు మలం. నల్లగా, తారులా జిగటగా ఉంటే లోపల రక్తం కారి అరిగి వస్తోందన్నమాట.

నేను రెండు రోజులు ఆగాననే చెప్పాను కదా. అది నా మొదటి ఆడ ఫెర్రెట్, అడ్రినల్ గ్రంథి (మూత్రపిండం పక్కన ఉండి హార్మోన్లు తయారుచేసేది) ఆపరేషన్ అయి ఇంటికొచ్చింది. 780 గ్రాములది. మూడో రోజు నుంచి తిండి ముట్టలేదు. మలం నల్లగా ఉంటే కొత్తగా పెట్టిన చేప గుజ్జు రంగేమో అనుకున్నాను. ఫోన్ చేస్తే, కంగారు పడకండి, ఆకలేస్తే తింటుంది అన్నారు. ఐదో రోజు పొద్దున వెనక కాళ్లు ఈడుస్తూ, చూపు ఎక్కడో పెట్టి ఉంది. చక్కెర పడిపోయింది, లోపల పుండు, ఒంట్లో నీరు లేదు. అప్పటికి 640 గ్రాములు. బతికింది, ఆ తర్వాత మూడేళ్లు నా దగ్గరే ఉంది. కానీ ఆ రెండు రోజులు నేను తూకం వేసి ఉంటే, మలాన్ని ఒక తెల్ల కాగితం మీద రుద్ది రంగు చూసి ఉంటే, దానికి అంత బాధ తప్పేది. అందుకే మీకు ఇంత గట్టిగా చెప్తున్నాను.

వికారమైతే మారోపిటెంట్, పుండైతే ఒమెప్రజోల్ గానీ ఫామోటిడిన్ గానీ, కడుపు గోడ మీద పూతలా పనిచేసే సుక్రాల్‌ఫేట్ గానీ డాక్టర్లు ఇస్తుంటారు. మోతాదు వాళ్లే బరువును బట్టి లెక్కకట్టాలి, నేను చెప్పను. ఒక్కటి గుర్తుంచుకోండి: సుక్రాల్‌ఫేట్ ఇస్తే మిగతా మందులకీ దానికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి, లేకపోతే వాటిని ఒంటికి పట్టనివ్వదు. మన మందుల డబ్బాలోంచి మాత్రం ఏదీ తీయకండి. ఇబుప్రొఫెన్, పారాసెటమాల్ ఫెర్రెట్ ప్రాణం తీస్తాయి. నొప్పి మందు మానేస్తే తింటాడేమోనని సొంతంగా మానేయడం కూడా తప్పే, నొప్పితో ఉన్నది అసలే తినదు. మందు మార్చమని అడగండి. ఆకలి పెంచే మందులు కూడా ఉన్నాయి కానీ, వికారం అలాగే ఉండగా వాటిని ఇస్తే ఆకలీ వికారమూ రెండూ కలిసి జంతువుని ఇంకా ఇబ్బంది పెడతాయి. ముందు వికారం పోవాలి.

మీకు ఇచ్చిన యాంటీబయాటిక్ మెట్రోనిడజోల్ అయితే ఒక మాట. అది భరించలేనంత చేదు. దాన్ని తిండిలో కలిపారంటే ఆ తిండినే జన్మలో ముట్టదు. మందు వేరు, ముద్ద వేరు. మందు వేసిన వెంటనే అదే సిరంజితో తిండి పెట్టకండి, సిరంజి చూస్తేనే పారిపోతుంది.

ఏం పెట్టాలి? ఫెర్రెట్ తన తిండిని వాసనతో గుర్తుపడుతుంది, ఆ గుర్తు పుట్టిన మొదటి కొన్ని నెలల్లోనే పడిపోతుంది. పెద్దయ్యాక కొత్త వాసన వస్తే అది తిండే అనుకోదు. మీరు ఎంత మంచి మాంసం ఉడికించి పెట్టినా వాడికి అది తిండిలా తోచకపోవచ్చు. కాబట్టి వాడు చిన్నప్పటి నుంచి తిన్న తిండితోనే మొదలుపెట్టండి. పొడి గుళికలైతే గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, మిక్సీలో మెత్తగా రుబ్బి, వడకట్టండి. వడకట్టకపోతే సిరంజి మూతి దగ్గర అడ్డం పడి, గట్టిగా నొక్కగానే ఒక్కసారిగా చిమ్ముతుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. దానికి తోడు, జబ్బుపడ్డ మాంసాహార జంతువుల కోసమే చేసిన పొడులు దొరుకుతాయి. ఆక్స్‌బో వాళ్ల కార్నివోర్ కేర్, ఎమెరెయిడ్ కార్నివోర్ అలాంటివే. డబ్బా మీద చెప్పిన పాళ్లలో నీళ్లు కలిపి, మొదట్లో వాడికి తెలిసిన గుజ్జులో పావు వంతు కలపండి, రెండు మూడు రోజుల్లో పెంచుకుంటూ పోండి. పసిపిల్లల కోసం సీసాల్లో వచ్చే కోడి మాంసం గుజ్జు చాలామంది వాడతారు. నాకించి అలవాటు చేయడానికి మంచిదే, కానీ దాంట్లో కొవ్వు, ఖనిజాలు ఫెర్రెట్‌కి చాలవు, వారాల తరబడి దాని మీదే నడపకూడదు. కొనేముందు సీసా మీద పదార్థాల పట్టీ చదవండి. ఉల్లి, వెల్లుల్లి ఉంటే వద్దు, పొడి రూపంలో ఉన్నా వద్దే. అవి ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి.

పాలు పట్టకండి, విరేచనాలు పట్టుకుంటాయి. పండ్లు, అన్నం, తీపి పదార్థాలు దీని పేగుకి పనికిరావు. కొవ్వు కావాలంటే చేప నూనె ఒకటి రెండు చుక్కలు, ఉడికించిన గుడ్డు పచ్చసొన కొంచెం చాలు. ఎముకలు, గట్టి ముక్కలు డాక్టరు సరేననే దాకా వద్దు, కుట్లు మానుతున్న పేగు అది.

ఏదైనా సరే గోరువెచ్చగా ఉండాలి. ఒంటి వేడికి దగ్గరగా, అంటే మీ మణికట్టు మీద ఒక చుక్క వేసుకుంటే వేడీ చల్లనా తెలియనంత. వెచ్చగా ఉంటే వాసన లేస్తుంది, ఆ వాసనే సగం పని చేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పెడితే ఆరోగ్యంగా ఉన్నది కూడా మూతి తిప్పుకుంటుంది.

తినిపించే పద్ధతి దగ్గరే చాలామంది తడబడతారు, అందుకే వివరంగా చెప్తాను. ముందు వాణ్ణి పూర్తిగా నిద్ర లేపండి. ఫెర్రెట్ నిద్ర ఎంత మొద్దునిద్రో మీకు తెలిసే ఉంటుంది, సగం నిద్రలో ఉన్నదాని నోట్లో ఏమీ వేయకూడదు. తువ్వాలులో చుట్టి ఒడిలో కూర్చోబెట్టుకోండి, పొట్ట కుట్టు మీద ఒత్తిడి పడకూడదు, నాలుగు కాళ్లూ కిందికే ఉండాలి. వెల్లకిలా పడుకోబెట్టి పట్టకండి. మెడ వెనక చర్మం పట్టుకుని పైకెత్తితే ఫెర్రెట్ ఆవలిస్తుంది, నోరు తెరిచింది కదా అని ఆ ఆవలింతలో తిండి పోస్తారు కొందరు. ఎంత ప్రమాదమో! ఆవలించేటప్పుడు శ్వాసనాళం తెరిచే ఉంటుంది, పోసింది అటే పోతుంది.

మొదట సిరంజి లేకుండా ప్రయత్నించండి. వేలు నాకుతున్నాడు కదా, అది మీ చేతిలో ఉన్న వరం. వేలి మీద గుజ్జు రాసి పెట్టండి, నాకగానే మళ్లీ రాయండి. వేలి నుంచి చెంచాకి, చెంచా నుంచి గిన్నె అంచుకి మెల్లగా జరపండి. నాకడం ఆపేశాడనుకోండి, పై పెదవి మీద కొంచెం, ముందు కాలి మీద కొంచెం పూయండి. శుభ్రం చేసుకునే అలవాటు కొద్దీ నాకేస్తాడు, రెండు మూడు నాకుళ్ల తర్వాత రుచి తెలిసి తనే అడిగినవీ ఉన్నాయి. అదీ ఫలించకపోతేనే సిరంజి. ఒక మిల్లీలీటరు సిరంజి చేతికి బాగా లొంగుతుంది. కోర పన్ను వెనక, బుగ్గ పక్కన ఖాళీ ఉంటుంది, అక్కడి నుంచి అడ్డంగా పెట్టి 0.2 మి.లీ. వదలండి. గుటక వేసే దాకా ఆగండి. గుటక కనపడ్డాకే ఇంకో చుక్క. తల పైకెత్తకండి, గడ్డం నేలకి సమంగా ఉండాలి. దగ్గినా, ముక్కులోంచి వచ్చినా ఆపేసి తల కిందికి వంచండి. ఓ పూట తక్కువ తిన్నా పరవాలేదు, ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా.

ఎంత, ఎన్నిసార్లు? ఆరోగ్యంగా ఉన్న ఫెర్రెట్‌కి రోజుకి కిలో బరువుకి 200 నుంచి 300 కిలోకేలరీలు కావాలి. వారం రోజులుగా సరిగా తినని కడుపుకి మొదటి రోజే అంతా తోయకూడదు, ఒంట్లో లవణాల లెక్క తప్పుతుంది, వాంతులు కూడా కావచ్చు. డాక్టరు చెప్పిన లక్ష్యంలో మొదటి రోజు మూడో వంతు, రెండో రోజు మూడింట రెండు వంతులు, మూడో రోజుకి పూర్తి మోతాదు. నా చేతిలో ఒక కిలో ఫెర్రెట్‌కి మొదటి రోజు మూడు గంటలకోసారి 5 మి.లీ. చొప్పున పట్టడంతో మొదలై, మూడో రోజుకి పూటకి 10 నుంచి 15 మి.లీ. దాకా పోతుంది. రాత్రి కూడా ఒకసారి లేవాలి, కనీసం ఈ మొదటి నాలుగైదు రోజులు. కష్టమే. ఇంట్లో ఇంకొకరు ఉంటే రాత్రి పూట వాళ్లకి అప్పగించండి.

నీళ్లు మర్చిపోకండి. కిలోకి రోజుకి 75 నుంచి 100 మి.లీ. కావాలి, గుజ్జులో కలిసిన నీరు కూడా ఇందులోకే వస్తుంది. చిగురు మీద వేలు పెడితే జిగటగా అంటుకున్నా, మెడ మీద చర్మం లాగి వదిలితే మెల్లగా దిగినా నీరు చాలట్లేదని అర్థం. అప్పుడు నోటితో తాగించి సరిపెట్టాలని చూడకండి, చర్మం కింద సెలైన్ ఎక్కించమని అడగండి. ఒంట్లో నీళ్లు నిండాక అదే పూట తిండి ముట్టిన ఫెర్రెట్లని చూశాను.

ఇక తూకం. వంటింట్లో గ్రాముల్లో చూపించే కాటా ఉంటే చాలు. దాని మీద లోతైన గిన్నె పెట్టి, రోజూ పొద్దున ఒకే సమయానికి, మొదటి ముద్దకి ముందు తూచి రాసుకోండి. ఒక్కరోజు 15 గ్రాములు పెరిగినా తగ్గినా దానికి అర్థం లేదు, ఒక్క మలవిసర్జనతో అంత తేడా వస్తుంది. మూడు రోజుల్లో తూకం ఎటు పోతోందో చూడండి. ముందు పడిపోవడం ఆగాలి. ఆ తర్వాత రోజుకి 5 నుంచి 10 గ్రాములు సగటున పెరుగుతుంటే నాకు సంతోషమే. పోయిన 200 గ్రాములు ఒక వారంలో రావు, మూడు నుంచి ఆరు వారాలనుకోండి. వెన్నుపూస, తుంటి ఎముకలు చేతికి గుచ్చుకోవడం తగ్గిందా అనేది కూడా వేళ్లతో చూస్తుండండి. కాలాన్ని బట్టి ఫెర్రెట్ బరువు మామూలుగానే చాలా మారుతుంది, చలికాలంలో పెరిగి వేసవిలో తగ్గుతుంది. కాబట్టి ఆ 1,200 ఏ కాలంలో తూచిందో చూసుకోండి.

మలం గురించి కూడా అదే పుస్తకంలో రాయండి. ఆకుపచ్చగా జిగురుగా ఉంటే కడుపు ఖాళీగా ఉందనో, పేగు రేగిందనో అర్థం, తిండి పడ్డాక రెండు రోజుల్లో మారాలి. గింజలు గింజలుగా ఉంటే తిన్నది అరగట్లేదు. నలుపు గురించి పైన చెప్పాను. తిండి లోపలికి పోతున్నా ఒక రోజంతా మలం రాకపోతే, ముక్కుతున్నా రాకపోతే, ఆరోజే ఆసుపత్రి.

సిరంజి ఎప్పుడు మానాలి అనేది తర్వాత వచ్చే ప్రశ్న, ఇప్పుడే చెప్తాను. ప్రతి పూటా సిరంజికి ఇరవై నిమిషాల ముందు వెచ్చటి గిన్నె ముందు పెట్టండి. తను ఎంత తింటే సిరంజిలో అంత తగ్గించండి. ఒక్కసారిగా ఆపి ‘ఇప్పుడు తింటాడో లేదో చూద్దాం’ అని పరీక్ష పెట్టకండి. మీకు ఇంకో ఫెర్రెట్ ఉండి, ఇద్దరూ కలిసి మెలిసి ఉండేవాళ్లైతే తినే వేళకి పక్కన కూర్చోబెట్టండి. తోటిది తింటుంటే చూసి ఇదీ మూతి పెడుతుంది. ఆట మాత్రం వద్దు, కుట్లు మానడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, అప్పటిదాకా ఎక్కడం, దూకడం, పెనుగులాట లేకుండా ఒకే అంతస్తు ఉన్న పంజరంలో ఉంచండి. పడక వెచ్చగా ఉండాలి, గది వేడెక్కకూడదు. 30 డిగ్రీలు దాటితే ఫెర్రెట్ తట్టుకోలేదు.

ఇది చదివేవాళ్లలో వేరే ఆపరేషన్ జరిగినవాళ్లూ ఉండొచ్చు కాబట్టి రెండు మాటలు. క్లోమంలో గడ్డ తీసినవాటికి చక్కెర పడిపోవడం ఆపరేషన్ తర్వాత కూడా ఉండొచ్చు, కొన్నాళ్లు చక్కెర పెరగనూవచ్చు, రక్త పరీక్ష లేకుండా ఊహించకండి. చూపు నిలిచిపోయి, వెనక కాళ్లు తేలిపోయి, ఎంత లేపినా లేవకపోతే చిగుళ్లకి కొంచెం తేనె పూసి వెంటనే బయల్దేరండి. మూర్ఛలో ఉంటే నోట్లో వేలు పెట్టకండి, ఏమీ పోయకండి. అడ్రినల్ గ్రంథులు రెండూ తీసినవి నీరసంగా, తినకుండా ఉంటే ఒంట్లో స్టెరాయిడ్ చాలకపోవడం కారణం కావచ్చు, దానికి ఎంత తినిపించినా మందు లేనిదే కోలుకోదు.

మీవాడి విషయానికి వస్తే, ఆరో రోజున వేలు నాకుతున్నాడంటే నాకు ధైర్యంగానే ఉంది. ఇవాళ రాత్రి వేలితో మొదలుపెట్టండి, చాలకపోతే సిరంజి. మూడు పొద్దుల తూకం, రోజుకి ఎన్ని మి.లీ. పట్టారు, మలం రంగు, డాక్టరు వికారానికి ఏం ఇచ్చారు అనేవి ఇక్కడే రాయండి. చూసి చెప్తాను.